ఫ్లూ టీకా – అపోహలు, వాస్తవాలు

"టీకా వేయించుకుంటే ఫ్లూ వస్తుందట" అని చాలామంది భయపడుతుంటారు. ఇది అపోహ. సూదితో ఇచ్చే ఫ్లూ టీకాలో చంపిన వైరస్ లేదా దాని భాగాలు మాత్రమే ఉంటాయి. అవి జబ్బును కలిగించలేవు.

మరి జ్వరం ఎందుకు వస్తుంది? శరీరం రోగనిరోధక శక్తిని తయారుచేసుకునేటప్పుడు కొందరికి సూది వేసినచోట నొప్పి, కొద్దిపాటి జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. ఒకటి రెండు రోజుల్లో అవే తగ్గిపోతాయి. రక్షణ ఏర్పడడానికి సుమారు 2 వారాలు పడుతుంది. ఈలోగా ఫ్లూ సోకితే అది టీకా వల్ల వచ్చినది కాదు. మామూలు జలుబును ఈ టీకా ఆపదు.

"నిరుడు వేయించుకున్నాం కదా" అనుకోవద్దు. వైరస్ మారుతూ ఉంటుంది, టీకా శక్తీ తగ్గుతుంది. అందుకే ఏటా, వర్షాకాలానికి ముందే వేయించుకోవడం మంచిది.

గర్భిణులకు ప్రమాదమన్నది కూడా నిజం కాదు. 6 నెలలలోపు బిడ్డకు ఈ టీకా వేయరు. తల్లి గర్భంతో ఉండగా వేయించుకుంటే పుట్టిన బిడ్డకూ రక్షణ లభిస్తుంది. వృద్ధులకు, మధుమేహం, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారికి ఫ్లూ న్యుమోనియాకు దారితీసి ప్రాణాపాయం కలిగించవచ్చు. వీరు అశ్రద్ధ చేయరాదు.

తీవ్రమైన ఎలర్జీ చాలా అరుదు. అయినా టీకా తర్వాత అరగంట ఆసుపత్రిలోనే కూర్చోండి. ముఖం వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే నర్సుకు చెప్పండి. గతంలో ఈ టీకా పడనివారు ముందుగానే డాక్టరుగారికి తెలపండి.

ఆరోగ్యం దేవుడిచ్చిన వరం. దానిని కాపాడుకోవడం మన బాధ్యత.