సంగీతసేవలో రుచిభేదం

ఉత్సవదినాలలో ఆస్థాన మండపంలో కచేరీ జరుగుతున్నప్పుడు రెండు మాటలు తరచుగా చెవిన పడుతుంటాయి. రాగాలాపన సాగుతుండగా వెనుక వరుసలోని యాత్రికుడు "మాకు తెలిసిన కీర్తన ఒక్కటైనా పాడరేమండీ?" అంటాడు. మరునాడు అదే వేదికపై పల్లె నుండి వచ్చిన బృందం చెక్కభజన మొదలుపెట్టగానే ముందు వరుసలోని పెద్దమనిషి "దేవాలయంలో ఈ గంతులేమిటి?" అని లేచి వెళ్లిపోతాడు. ఇద్దరూ భక్తులే. ఇద్దరూ తమ అభిరుచినే దేవుని అభిరుచిగా భావిస్తున్నారు. సంగీతసేవకు విరాళమిచ్చే దాతలు సైతం తమకు నచ్చిన విధమైన గానాన్నే ఏర్పాటు చేయవలసిందిగా కోరడం కద్దు. కాబట్టి ఆలయసంగీతంలో ఏ గానం ఏ సందర్భం కోసం పుట్టిందో కొంత తెలుసుకోవడం మంచిది.

తాళ్లపాక అన్నమాచార్యులవారు (1408–1503) 32,000 సంకీర్తనలు రచించారని సంప్రదాయం చెబుతోంది. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో లభించిన రాగిరేకుల వలన మనకు దక్కినవి అందులో సగం కన్నా తక్కువే. వాటిని అధ్యాత్మ సంకీర్తనలు, శృంగార సంకీర్తనలు అని రెండు విధాలుగా విభజించారు. వైరాగ్యాన్ని బోధించే పదాలను ఇష్టపడేవారు శృంగార పదాలను సన్నిధిలో పాడటానికి సంకోచిస్తారు. ఆచార్యులవారికి ఆ సంకోచం లేదు. అలమేల్మంగ విరహమూ, జీవుని పశ్చాత్తాపమూ ఆయనకు ఒకే స్వామికి చేసిన నివేదనలు.

ఇంకొక విశేషమున్నది. ఆయన సంకీర్తనకు లక్షణగ్రంథాన్ని సంస్కృతంలో రచించిన పండితుడు. దానికి మనుమడు చినతిరుమలాచార్యులు కూర్చిన తెలుగు రూపం నేటికీ లభిస్తోంది. అంతటి లక్షణవేత్త దంపుడు వేళ స్త్రీలు పాడే సువ్వి పాటను, ముంగిట పాడే గొబ్బి పాటను, వసంతకాలపు జాజరను, ఊయల దగ్గర జోలను, లాలిని స్వామివారి కోసం స్వీకరించారు. రోకటి పాట గుడికి తగదని ఆయన అనుకోలేదు. చెక్కభజనను చూసి నొసలు చిట్లించేవారు ఈ సంగతిని ఒకసారి తలచుకోవాలి.

అన్నమయ్య పాటల విషయంలోనే మరొక వివాదం వినవస్తుంది. "ఈ కీర్తన బాణీ ఇది కాదు, ఆ గాయకులు పాడిందే అసలైనది" అని కొందరు పట్టుబడతారు. రాగిరేకులపై సాహిత్యమూ, రాగం పేరూ ఉన్నాయి గాని ఆ పాటలకు స్వరలిపి లేదు. ఇప్పుడు మనం వినే బాణీలలో అత్యధికం ఇరవయ్యవ శతాబ్దిలో కూర్చినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు మొదలైనవారు ఆ పదాలకు నాదరూపం కల్పించారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం ప్రారంభించిన అన్నమాచార్య ప్రాజెక్టు వాటిని ఇంటింటికీ చేర్చింది. అందుచేత మనకు ఇష్టమైన బాణీ మన చెవికి తొలుత అలవాటైన బాణీ అయి ఉండవచ్చు. ఇష్టపడటంలో దోషమేమీ లేదు. అదొక్కటే అసలైనదని ఎదుటివారి పాటను ఆపడమే పొరపాటు.

త్యాగరాజస్వామివారు (1767–1847) ఈ రుచిభేదాన్ని ఎరిగి రచించారా అనిపిస్తుంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాలలోని పంచరత్న కీర్తనలు సాధన లేనిదే గొంతుకు లొంగవు. ఆ చేతితోనే ఆయన దివ్యనామ కీర్తనలు రచించారు. వీటిలో చరణాలన్నీ సాధారణంగా ఒకే వరుసలో నడుస్తాయి. ఒకరు చెబితే పదిమంది అందుకోవచ్చు. ఇక ఉత్సవసంప్రదాయ కీర్తనలు స్వామికి మేలుకొలుపు మొదలు పవళింపు వరకు జరిగే ఉపచారాలకు ఉద్దేశించినవి. లాలి పాడే సమయంలో సంగతుల ప్రదర్శన ఎవరికి కావాలి? విద్వాంసుడైన త్యాగయ్య అక్కడ తన విద్వత్తును పక్కన పెట్టారు. రామదాసు కీర్తనలది మరొక దారి. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి గళంలో విని వాటిని ప్రేమించినవారున్నారు, భజనమందిరంలో హార్మోనియం, డోలక్, తాళాల నడుమ విని ప్రేమించినవారూ ఉన్నారు. రెండు చోట్లా పాట ఒక్కటే.

సినిమా బాణీలకు కట్టిన భజనల గురించి కూడా భక్తులు అడుగుతుంటారు. బాణీని అరువు తెచ్చుకోవడమే తప్పని చెప్పలేము. ముత్తుస్వామి దీక్షితులవారు (1775–1835) ఇంగ్లీషువారి బ్యాండు మేళం వాయించే వరుసలకు సంస్కృతంలో దైవస్తుతులు రచించారు. నేటి చిక్కు వేరొకటి. పాట వినగానే శ్రోతకు స్వామిరూపం కాక సినిమాలోని సన్నివేశం కళ్లముందు కదిలితే పాడినవారి శ్రమ వృథా. అటువంటి బాణీలను సన్నిధికి దూరంగా ఉంచడమే మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇంతవరకు చెప్పినది పాట గురించి. అభిరుచితో నిమిత్తం లేకుండా ఆలయానికి తప్పనిసరైన సంగీతం ఒకటున్నది. అది సన్నాయి మేళం. కచేరీని నచ్చినవారు వింటారు, నచ్చనివారు లేచిపోతారు. నాదస్వరం అట్లా కాదు, అది సేవలో అంగం. వేకువన భూపాలం, బౌళి వంటి రాగాలు, రాత్రి నీలాంబరి వాయించడం సంప్రదాయం. స్వామి వాహనమెక్కి వెలుపలికి వచ్చే వేళ గంభీరనాటలో మల్లారి మోగుతుంది. దానికి సాహిత్యం ఉండదు. రాగం ఎరిగినవారికి సమయమెంతో, లోపల ఏ సేవ జరుగుతున్నదో ప్రాకారం బయటినుంచే తెలుస్తుంది.

ఈ వాద్యంలోనూ అభిరుచి మనిషిని ఎంత దూరం నడిపించగలదో షేక్ చినమౌలానా సాహెబుగారి (1924–1999) జీవితం చెబుతుంది. ఒంగోలు దగ్గరి కరవదిలో, తరతరాలుగా నాదస్వరం వాయించే కుటుంబంలో జన్మించారు. టి.ఎన్. రాజరత్నం పిళ్లైగారి వాదనం ఆయన మనస్సును పట్టుకున్నది. ఆ తంజావూరు బాణీని అభ్యసించి, చివరకు శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుని సేవించారు. 1982లో అక్కడే శారదా నాదస్వర సంగీత ఆశ్రమాన్ని స్థాపించి శిష్యులను తీర్చిదిద్దారు. తనకు నచ్చిన బాణీ కోసం ఊరు విడిచిన విద్వాంసుడు ఎవరి బాణీనీ నిందించవలసిన అవసరం లేకపోయింది.

ఇప్పుడు కొన్ని ఆలయాలలో హారతి వేళ మీట నొక్కితే గంటా నగారా వాటంతటవే మోగే యంత్రాలు వచ్చాయి. మేళగాళ్లు లేని చోట ధ్వనిముద్రణ వినిపిస్తున్నారు. యంత్రానికి జీతం అక్కరలేదు, సెలవు అక్కరలేదు. అయితే అర్చకస్వామి అలంకారానికి పది నిమిషాలు ఎక్కువ తీసుకుంటే ఆ పది నిమిషాలూ రాగాన్ని పొడిగించి, తెర తొలగగానే అందుకు తగినట్లు ముగించడం ధ్వనిముద్రణకు చేతకాదు. డోలు, సన్నాయి, శ్రుతి, తాళం పట్టడానికి కనీసం నలుగురు మనుషులు ప్రతిదినమూ ఉండాలి. పెద్ద గాయకుల కచేరీకి దాతలు సులభంగా ముందుకు వస్తారు, వారి పేరు వేదికపై చదువుతారు. వేకువజామున వాయించే మేళానికి విరాళమిచ్చేవారు అరుదు. ఆ సమయంలో పేరు చదవడానికి శ్రోతలే ఉండరు గదా! జీవనం సాగక పిల్లలకు వాద్యం నేర్పడం మానుకున్న మేళగాళ్లు ఉన్నారు. వారి ఇంటితో ఆ విద్య ఆ ఊరినుండి వెళ్లిపోతుంది.

సంగీతసేవకు ద్రవ్యం సమర్పించదలచిన భక్తులు తమకు నచ్చిన గానంతోపాటు నిత్యమేళం విషయం కూడా ఆలయ కార్యాలయంలో విచారించగలరు. యాత్రికులు మేళగాళ్లను చూడాలనుకుంటే వేకువన సుప్రభాత సమయానికి ధ్వజస్తంభం దగ్గరకు రావచ్చు.