సరకు ఒక్కటే, మూటలు వేరు

జంషెడ్‌పూర్ నగరంలో కద్మా ప్రాంతాన మా ఇంట ఒక పాత కంప్యూటర్ ఉన్నది. దానిలో డెబియన్ అనే లినక్స్ వ్యవస్థను కనీసపు హంగులతో నెలకొల్పుకొని, మరునాడు పంపవలసిన అనువాదాన్ని తెరిచాను. అక్షరాలు ఉండవలసిన చోట తెరనిండా ఖాళీ గళ్ళు! నా మొర విని మిత్రులొకరు ‘లోహిత్’ తెలుగు ఫాంటు గల ఫైలు పంపించారు. యంత్రం దానిని స్వీకరించలేదు. ఆ ఫైలు ‘ఆర్‌పీఎం’ పద్ధతిలో కట్టినది. నా యంత్రానికి తెలిసినది ‘డెబ్’ పద్ధతి.

ఉక్కునగరవాసులకు ఇటువంటి చిక్కు కొత్త కాదు. అంగుళాల మర గల బోల్టు మిల్లీమీటర్ల మర గల నట్టులో ఇమడదు. రెండూ ఒకే కొలిమిలో పుట్టిన ఉక్కే కావచ్చు. మర కుదరాలి కదా!

ఇంతకూ ఈ భేదం ఎలా వచ్చింది? 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లోకానికి అందించినది కెర్నెల్ అనే కేంద్రభాగం మాత్రమే. దాని చుట్టూ తక్కిన ఉపకరణాలను కూర్చి ప్రజలకు అందించే పంపిణీలు తరువాత వెలిశాయి. 1993లో స్లాక్‌వేర్, అదే ఏడు ఇయన్ మర్డాక్ ఆరంభించిన డెబియన్, అనంతరం రెడ్ హ్యాట్. ఎవరి మూట వారే కట్టుకున్నారు. డెబియన్‌తో పాటు దాని సంతతిదైన ఉబుంటు, మన దేశంలో సీడాక్ రూపొందించిన బాస్ ‘డెబ్’ మూటలను వాడతాయి. రెడ్ హ్యాట్, ఫెడోరా, ఓపెన్ సూసే ‘ఆర్‌పీఎం’ను వాడతాయి.

డెబ్ మూట విప్పితే మూడు భాగాలు కనిపిస్తాయి: పద్ధతి సంఖ్యను తెలిపే చిన్న చీటీ, వివరాల పట్టిక, అసలు సరకు. ఆ పట్టికలోనే అసలు కీలకం ఉన్నది. ఈ సాఫ్ట్‌వేర్ పనిచేయడానికి ఇంకా ఏయే సాఫ్ట్‌వేర్‌లు, ఏ సంచికలవి, ముందుగా ఉండాలో అందులో రాసి ఉంటుంది. ఒక పంపిణీలో వాటి పేర్లూ సంచికలూ మరొక పంపిణీలో ఉండకపోవచ్చు. అందువల్లనే, రెండూ ఆర్‌పీఎం వాడుతున్నప్పటికీ, ఫెడోరా మూట ఓపెన్ సూసేలో నడుస్తుందన్న పూచీ లేదు. ఫ్లాట్‌పాక్, స్నాప్ అనే కొత్త పద్ధతులు కావలసిన సామగ్రిలో అధికభాగాన్ని తమ వెంటే తెచ్చుకొని ఈ బెడదను తగ్గిస్తాయి. అందుకు మూల్యంగా ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి.

మూట ఎవరు కట్టారన్నది మరింత ముఖ్యం. డెబ్, ఆర్‌పీఎం మూటలను నెలకొల్పేటప్పుడు వాటిలోని ఆదేశాలు యంత్రంపై సర్వాధికారంతో అమలు కాగలవు. కనుకనే పంపిణీలు తమ భాండాగారాలకు డిజిటల్ సంతకాలు చేస్తాయి. అయినా మోసం మూలంలోనే జరగవచ్చు. 2024 మార్చిలో ‘ఎక్స్‌జెడ్’ అనే ఉపకరణంలో ఎవరో దొంగదారి అమర్చినట్లు బయటపడింది. డెబ్‌గానో ఆర్‌పీఎంగానో మూట కడుతున్నప్పుడే అది మేల్కొనేటట్లు పన్నారు. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతున్నదేమని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దానిని పట్టుకున్నారు. అప్పటికి అది ప్రయోగదశలోని కొన్ని సంచికలకే పాకింది. డెబియన్ స్థిర సంచికకు సోకలేదు.

నా చిక్కుకు పరిష్కారం సులభమే అయింది. ఫెడోరాలో ‘లోహిత్-తెలుగు-ఫాంట్స్’ అనే పేరు గల మూటనే డెబియన్‌లో ‘ఫాంట్స్-లోహిత్-తెలు’ అంటారు. ఆ పేరుతో డెబియన్ భాండాగారాన్ని అడిగాను, నిమిషంలో వచ్చింది. గళ్ళు తొలగి, నా వాక్యాలు నాకు కనిపించాయి.

ఒకే భావాన్ని వేరొక భాషవారికి అందేటట్లు మళ్ళీ కట్టడం నా వృత్తి. ఆ ఫాంటును డెబియన్‌కు అనువుగా మూట కట్టినవారు జీతం కోరని స్వచ్ఛంద కార్యకర్తలు. వారు చేసినదీ అనువాదమే. మరునాటి ఉదయం నా అనువాదం గడువులోగా చేరింది.