జేబుకత్తుల రంగులు, ముద్రలు

మా పాఠశాల బాలబాలికలలో కొందరి యిండ్లలో తాతలనాటి జేబుకత్తులు నేటికిని కలవు. మరికొందరి బంధువులు విదేశములనుండి వచ్చునపుడు అట్టివానిని కానుకగా తెచ్చుచున్నారు. తపాలాబిళ్ళలను, నాణెములను సేకరించునట్లే వీనిని సేకరించువారును లోకమున అనేకులు కలరు. వారి దృష్టిలో ఒక కత్తి స్వల్పమైన వెల చేయగా, చూపునకు అచ్చముగా దానివలెనే యుండు మరియొకటి దానికి అనేకరెట్లు పలుకును. ఈ భేదము ఎక్కడ నున్నదో తెలియక కొందరు రంగును చూచి మోసపోవుచున్నారు. కొందరు ఇంటనున్న మంచి వస్తువును తమ చేతులతోనే పాడుచేసికొనుచున్నారు. అందుచేత ఈ నాలుగు మాటలు తలిదండ్రులకు చెప్పదలచితిమి. విద్యార్థి జేబులో కత్తి యుండరాదను మా నియమమున మాత్రము ఏ మార్పును లేదు. ఇది యింట పెద్దలు దగ్గర నుండి చూపవలసిన విషయము.

కత్తిని చేతబట్టగానే ఎవరి చూపైనను పిడి రంగుపై పడును. తెలిసినవారు మొదట అలుగును తెరచి, దాని మొదలిభాగమును, అనగా పదును ఇంకను ప్రారంభము కాని చోటును చూతురు. తయారుచేసినవారి ముద్ర అక్కడ నుండును. పిడిబద్ద విరిగినచో క్రొత్తది వేయవచ్చును. రంగు వెలసినచో మరల అద్దవచ్చును. ఉక్కులోనికి దిగిన ముద్రను మార్చుట అంత సులభము కాదు. కావున ముద్ర మొదటి సాక్షి. రంగు రెండవ సాక్షి మాత్రమే.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి బ్రాడ్‌ఫర్డు పట్టణమున కేస్ అను సంస్థవారు చేయు కత్తులు దీనికి చక్కని ఉదాహరణము. 1940 మొదలు 1964 వరకు వారి ముద్ర ‘కేస్ ఎక్స్ ఎక్స్’ అని యుండెను. 1965లో దానిక్రింద ‘యు.ఎస్.ఏ.’ అను అక్షరములు చేరినవి. 1970లో ఆ అక్షరముల క్రింద పది చుక్కలు పెట్టి, ఏటేట ఒక్కొక్క చుక్కను తగ్గించుచు వచ్చిరి. 1979 నాటికి ఒక్క చుక్కయే మిగిలెను. 1980లో మరల పది చుక్కలతో ప్రారంభించిరి గాని, ఈసారి ‘ఎస్’ అను అక్షరమును మెరుపుతీగవలె వంకరగా మలచిరి. కావున ఆరు చుక్కలున్న కత్తి 1974 నాటిదో, 1984 నాటిదో ఆ ఒక్క అక్షరమే చెప్పవలెను. మొదటి వరుస చుక్కలైనచో వాని సంఖ్యను 1980 నుండియు, రెండవ వరుసవైనచో 1990 నుండియు తీసివేసిన సంవత్సరము వచ్చును. మూడవ తరగతి పిల్లవాడు చేయదగిన లెక్క యిది! ఒకే కత్తిలోని రెండు అలుగులపై రెండు కాలముల ముద్రలున్నచో కొంత నిదానింపవలెను. ఒక అలుగు తరువాత మార్చినదై యుండవచ్చును. లేక కర్మాగారమున మిగిలిన పాత అలుగునే క్రొత్త కత్తికి బిగించి యుండవచ్చును.

ఆ సంస్థవారి కత్తులపై ఒక అంకెయు కలదు. 6254 అనుదానిని తీసికొందము. మొదటి 6 పిడి ఎముకతో చేసినదని, 2 అలుగులు రెండని, 54 కత్తి ఆకారమును తెలుపును. అదే ఆకారము 5254 అయినచో పిడి లేడికొమ్ముది. 3254 అయినచో పసుపుపచ్చనిది. అయితే ఈ అంకెనైనను గ్రుడ్డిగా నమ్మరాదు. 1960ల చివర ఎముకకు బదులు డెల్రిన్ అను ప్లాస్టిక్కును కొన్నిటికి వాడినపుడును ఆ 6 అట్లే యుండెను. అప్పుడు భూతద్దము కావలెను. ఎముక అంచులయందు సూదిమొనంతటి సన్నని రంధ్రములు, గీతలు కనబడును. ప్లాస్టిక్కు నున్నగా, ఎక్కడ చూచినను ఒకే తీరుగా నుండును. కాల్చిన సూదితో గ్రుచ్చి పరీక్షింపుమని చెప్పువారు కలరు. ఆ పని చేయరాదు. పరీక్ష ముగియునప్పటికి పిడికి మచ్చ మిగులును.

ఇక రంగు మాట. పశువుల కాలి ఎముకను బద్దలుగా కోసి, లేడికొమ్మును తలపించునట్లు యంత్రముతో గాట్లు పెట్టి, రంగునీటిలో నానవేయుదురు. ఎముక యంతటను ఒకే గట్టితనము నుండదు. మెత్తని చోట రంగు ఎక్కువ పీల్చుకొనును, గట్టిచోట తక్కువ. అందువలన ఒకే దినమున, ఒకే తొట్టిలో తేలిన రెండు బద్దలు రెండు రంగులుగా రావచ్చును. మన నేతగాండ్ర యింట ఒకే అద్దకపు కుండలో ముంచిన నూలుచిలపలు రెండు ఛాయలుగా తేలుట చూచినవారికి ఇది వింత కాదు. పాతకాలపు ఆకుపచ్చ ఎముక పిడికిని, ఎఱ్ఱ ఎముక పిడికిని సేకర్తలు ఎక్కువ వెల ఇత్తురు. కాబట్టి వానిని కృత్రిమముగా పుట్టించువారును బయలుదేరినారు. ఒకవైపు బద్ద మాత్రమే వెలసి, రెండవవైపుది ముదురుగా నున్నచో అది అద్దకములోని భేదము కాక, కిటికీలో ఎండ తగిలిన ఫలితము కావచ్చును. పిడి క్రిందనున్న ఇత్తడి రేకుపై రంగు మరకలున్నచో, కత్తిని బిగించిన తరువాత ఎవరో రంగు పూసిరని అనుమానింపవలెను.

సెల్యులాయిడ్ పిడులు గల పాత కత్తుల విషయమున మరియొక జాగ్రత్త కలదు. ఆ పదార్థము కాలక్రమమున చివికి, ఆమ్లపు ఆవిరిని విడుచును. ఒకే పెట్టెలో మూసి యుంచినచో ప్రక్కనున్న మంచి కత్తుల అలుగులు కూడ త్రుప్పుపట్టును. పిడి పగుళ్లు వారి, కర్పూరపు వాసనయో ఘాటైన వాసనయో వచ్చుచున్నచో వెంటనే దానిని వేరుచేయవలెను.

రంగు ఏమియు చెప్పలేని కత్తులును కలవు. స్విట్జర్లాండు సైనికుల కత్తి మొదట నల్లని కొయ్యపిడితో వచ్చెను. 1961లో గళ్లు గల అల్యూమినియం పిడితో క్రొత్త నమూనా వెలువడి, 2008లో మరియొకటి వచ్చువరకు ఉపయోగములో నుండెను. వీనిని ఇబాఖ్ గ్రామమందలి విక్టోరినాక్స్ వారును, డెలెమాంట్ పట్టణమందలి వెంగర్ వారును చేసిరి. ఆ కాలపు రెండు కత్తులను ప్రక్కప్రక్కన పెట్టినచో సామాన్యునకు భేదమే తోచదు. అలుగు మొదట అద్దిన సంస్థ పేరును, సంవత్సరపు రెండంకెలును చూచిన గాని సంగతి తేలదు. విక్టోరినాక్స్ అను పేరే కొంత చరిత్ర చెప్పును. స్థాపకుడు కార్ల్ ఎల్జనర్ 1909లో మరణించిన తన తల్లి విక్టోరియా పేరును ముద్రగా గ్రహించెను. త్రుప్పుపట్టని ఉక్కు వచ్చిన పిదప 1921లో ‘ఇనాక్స్’ అనునది దానికి జతయయ్యెను. కావున ఆ పూర్తి పేరున్న కత్తి అంతకు ముందుది కానేరదు.

మన దేశమునకు ఆంగ్లేయుల కాలమున ఎక్కువగా వచ్చినవి షెఫీల్డు కత్తులు. వానిలో జోసెఫ్ రాడ్జర్స్ సంస్థవారి ముద్ర ఒక నక్షత్రము, ఒక మాల్టా శిలువ. కిరీటమునకు ఇరువైపుల ‘వి’, ‘ఆర్’ అను అక్షరములున్నచో విక్టోరియా రాణి పేరిటివి; ‘ఇ’, ‘ఆర్’ ఉన్నచో 1901లో సింహాసనమెక్కిన ఏడవ ఎడ్వర్డు పేరిటివి. ‘జి’, ‘ఆర్’ అని యున్నచో మాత్రము తొందరపడరాదు. జార్జి అను పేరుగల రాజులు పలువురు.

మా పాఠశాల పిల్లవాని తాతగారి షెఫీల్డు కత్తి యొకటి సాన పట్టించుటకు పోయి, తళతళ మెరయుచు తిరిగివచ్చినది. పదును బాగుగనే యున్నది గాని, నక్షత్రము లేదు, శిలువ లేదు, కిరీటమును లేదు. ఇసుకచక్రము అన్నిటిని తుడిచివేసినది. ఇప్పుడది ఎవరు చేసినదో, ఏ కాలపుదో చెప్పుటకు ఆ యింటివారి నోటిమాట తప్ప మరి యాధారము లేదు.

కావున పాత కత్తి దొరకినచో గరుకుకాగితము తాకింపకుడు. మెత్తని గుడ్డపై రెండు చుక్కల నూనె చాలును. ముద్రపై పిండివంటి సుద్ద రుద్ది తుడిచినచో అక్షరములు తెల్లగా తేలును; వానిని ఒక కాగితముపై వ్రాసికొని, కత్తి ఎవరిదో, ఎక్కడ కొన్నదో పెద్దలనడిగి అందులోనే చేర్పుడు. సాన పట్టింపక తప్పనిచో, అలుగు మొదటికి గుడ్డ చుట్టి, ఆ భాగము చక్రమునకు తగులనీయవలదని సానవానికి ముందుగనే చెప్పి, పని ముగియువరకు ప్రక్కనే నిలువుడు.