అరగంటకో అలక!

70 ఏళ్లు దాటిన ట్రాక్టర్... గుప్పెట్లో పట్టేంత కాయిల్. మల్టీమీటర్ ‘అంతా బాగానే ఉంది’ అంటుంది. బండి మాత్రం పొలం మధ్యలో మొరాయిస్తుంది. అమెరికా పల్లెల్లో పాత ఫోర్డ్ ట్రాక్టర్ల యజమానుల్ని తికమకపెట్టే ఈ చిక్కుముడి విప్పాలంటే మీటర్ ఉంటే చాలదు, దాన్ని ఎప్పుడు పట్టుకోవాలో కూడా తెలియాలి.

పొద్దున బటన్ నొక్కగానే లేచి కూర్చుంటుంది. చకచకా గడ్డి కోసేస్తుంది. అరగంట దాటేసరికి ఓసారి దగ్గి, రెండుసార్లు కుదిపి ఉన్నచోటే ఆగిపోతుంది. ఎంత బతిమాలినా కదలదు. యజమాని విసుక్కుంటూ ఇంటికెళ్లి భోంచేసి వస్తాడు. ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. ఇంకో అరగంటకి మళ్లీ అదే అలక!

అమెరికాలో ఫోర్డ్ 8ఎన్ ట్రాక్టర్ ఉన్న ఇళ్లలో ఇలాంటి కథలు మామూలే. విన్నవాళ్లంతా ‘కాయిల్ పోయుంటుంది’ అని ఒక్కమాటలో తేల్చేస్తారు. ఇక కొత్తది కొనడం, బిగించడం. ఒక్కోసారి తేడాయే ఉండదు. ఒక్కోసారి ఆ కొత్త కాయిల్ కూడా కొన్నాళ్లకే మాడిపోతుంది. తీసి పక్కన పెట్టిన పాతదాన్ని మీటర్‌తో చూస్తే నిక్షేపంగా ఉన్నట్టు చూపిస్తుంది. మరి తప్పు మీటర్‌దా, కాయిల్‌దా... చూసేవాళ్లదా?

చేతులు కలిపి... కోర్టుకెక్కి

ఈ ట్రాక్టర్ పుట్టుక వెనక కూడా పెద్ద అలకే ఉంది. 1938లో కార్ల తయారీ దిగ్గజం హెన్రీ ఫోర్డ్, ఐర్లండ్‌లో పుట్టిన ఇంజినీరు హ్యారీ ఫెర్గూసన్ కలుసుకున్నారు. నాగలిని ట్రాక్టర్ వెనక మూడు చోట్ల తగిలించి, హైడ్రాలిక్ శక్తితో పైకి లేపే పద్ధతి ఫెర్గూసన్ దగ్గర ఉంది. కర్మాగారం ఫోర్డ్ దగ్గర ఉంది. సంతకాలూ దస్తావేజులూ ఏమీ లేకుండా చేతులు కలిపేసుకున్నారు. 1939లో 585 డాలర్ల ధరతో 9ఎన్ ట్రాక్టర్ వచ్చింది. తర్వాత కంపెనీ పగ్గాలు అందుకున్న ఫోర్డ్ మనవడికి ఈ నోటిమాట ఒప్పందం నచ్చలేదు. తెగతెంపులు చేసుకుని, 1947లో 8ఎన్‌ని సొంతంగా మార్కెట్లోకి దించాడు. ఫెర్గూసన్ 25 కోట్ల డాలర్లకు పైగా ఇప్పించాలంటూ కోర్టుకెక్కాడు. చివరికి 1952లో 92.5 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. 8ఎన్ తయారీ కూడా ఆ ఏడాదే ఆగిపోయింది. అప్పటికే 5 లక్షలకి పైగా బళ్లు పొలాలకి చేరిపోయాయి.

ఆ మూడు చోట్ల తగిలించే పద్ధతి మనకీ కొత్తది కాదు. ఇవాళ మన ఊళ్లలో ట్రాక్టర్ వెనక కల్టివేటర్ లేచి దిగేది దాని పుణ్యమే. ఇక ఫెర్గూసన్ ఇంగ్లండ్‌లో సొంతంగా తయారు చేయించిన బుల్లి ట్రాక్టర్లయితే ఏకంగా మంచు ఖండానికే వెళ్లాయి. ఎవరెస్టు వీరుడు ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరుకున్నది వాటి మీదే.

8ఎన్‌లు ఇప్పటికీ గడ్డి కోస్తున్నాయి, వాకిట్లో మంచు తోస్తున్నాయి, పాత ట్రాక్టర్ల ఊరేగింపుల్లో మెరుస్తున్నాయి. చాలా ఇళ్లలో అది తాత కొన్న బండి. నాన్న స్టీరింగ్ పట్టడం నేర్చుకున్నది దాని మీదే. అందుకే మొరాయించిందని తుక్కుకి వేయడానికి మనసొప్పదు. అలాగని నెలకో కాయిల్ కొనడానికి జేబూ ఒప్పదు!

మనవాటికి ఈ గోల లేదేం?

మన దగ్గర ట్రాక్టరంటే డీజిలే. డీజిల్ ఇంజిన్‌లో గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. నిప్పురవ్వతో పనిలేదు, కాబట్టి కాయిలూ లేదు. 8ఎన్ నడిచేది పెట్రోలుతో. దానికి రవ్వ పడాల్సిందే. పాత పెట్రోలు అంబాసిడర్ నడిపినవారికైతే ఇదంతా బాగా తెలుసు. వానాకాలం పొద్దున్నే బానెట్ ఎత్తి పాయింట్లు గీకి, క్యాప్ తుడిచి, ‘కరెంటొస్తోందా?’ అని ప్లగ్గుని ఇంజిన్‌కి ఆనించి చూసిన డ్రైవర్లు ఊరికొకరుండేవారు. ఆ కారులోనూ ఈ ట్రాక్టర్లోనూ సూత్రం ఒకటే.

దాన్ని తయారుచేసింది చార్లెస్ కెటరింగ్. ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో, ఓ ఇంటి వెనక కొట్టంలో మిత్రులతో కలిసి కుస్తీపట్టి సాధించాడు. 1910 క్యాడిలాక్ కారుతో అది జనంలోకి వచ్చింది. కొట్టంలో పుట్టిన ఆ విద్య మళ్లీ పశువుల కొట్టం పక్కన నిలబడ్డ ట్రాక్టర్‌కే అక్కరకొచ్చింది.

అది పనిచేసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. కాయిల్‌లో ఇనుప ముక్క చుట్టూ రెండు చుట్లుంటాయి. ఒకటి లావు తీగతో కొన్ని వందల చుట్లు... దీన్ని ప్రైమరీ అంటారు. రెండోది వెంట్రుకంత సన్నని తీగతో వేల చుట్లు... అది సెకండరీ. పాయింట్లు కలిసినప్పుడు బ్యాటరీ కరెంటు లావు తీగలో పారి అయస్కాంత క్షేత్రం పుడుతుంది. పాయింట్లు చటుక్కున విడిపోగానే ఆ క్షేత్రం కుప్పకూలుతుంది. ఆ కుదుపుకి సన్న తీగలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు దగ్గర రవ్వగా దూకుతాయి. పాయింట్ల దగ్గరే మెరుపు రాకుండా ఆపేది పక్కనుండే చిన్న కండెన్సర్. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతోందంటే క్షణానికి 50 రవ్వలు కావాలి. 6 వోల్టుల బ్యాటరీతో అన్ని పిడుగులు!

మీటర్ ఏం చెబుతుంది?

ముందు కాయిల్‌కున్న వైర్లన్నీ ఊడదీయాలి. బ్యాటరీ తగిలించి ఉండగా ఓమ్‌లు కొలవకూడదు. ఆ అంకెకి అర్థం ఉండదు, మీటరూ పాడవ్వొచ్చు.

మీటర్‌ని ఓమ్‌ల మీద అతి తక్కువ రేంజికి తిప్పి, ముందుగా రెండు పుల్లల్నీ ఒకదానికొకటి తాకించాలి. సున్నా రావాలిగా? రాదు. 0.2, 0.3 అని ఏదో చూపిస్తుంది. అది మీటర్ వైర్ల నిరోధం. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఎందుకంటే మామూలు 6 వోల్టుల కాయిల్ ప్రైమరీలో ఉండేదే 1 నుంచి 1.5 ఓమ్‌లు. అందులో 0.3 తేడా అంటే తక్కువేం కాదు. దాన్ని తీసేసి లెక్కవేసుకోవాలి. రెసిస్టర్ అక్కర్లేని 12 వోల్టుల కాయిల్ అయితే 3 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. తయారీదారు ఇచ్చిన అంకె దొరికితే దాన్నే నమ్మాలి.

తర్వాత ఒక పుల్ల ప్రైమరీ కొనకీ, రెండోది మధ్యలో ప్లగ్గు కరెంటు బయటికొచ్చే చోటుకీ పెట్టి సెకండరీ చూడాలి. వేల ఓమ్‌లు రావాలి. చాలా కాయిళ్లలో 6 వేల నుంచి 12 వేల మధ్య ఉంటుంది. మీటర్ ‘ఓఎల్’ అని చూపిస్తే తీగ ఎక్కడో తెగినట్టే. చివరగా ప్రైమరీ కొనకీ పైనున్న లోహపు డబ్బాకీ మధ్య చూస్తే ‘ఓఎల్’ రావాలి. అక్కడ అంకె కనిపిస్తే లోపల కరెంటు కారిపోతోందని అర్థం.

ఈ మూడింట్లో ఏది తప్పినా కాయిల్ పోయినట్టే. అందులో సందేహం లేదు. మూడూ నెగ్గినంత మాత్రాన బాగున్నట్టు మాత్రం కాదు. అసలు తిరకాసంతా ఇక్కడే!

మల్టీమీటర్ లోపలుండేది మహా అయితే 9 వోల్టుల బ్యాటరీ. కాయిల్ పనిచేసేటప్పుడు లోపల పుట్టేది వేల వోల్టులు. ముసలిదైపోయి బీటలువారిన ఇన్సులేషన్ 9 వోల్టుల ముందు బుద్ధిగా నిలబడుతుంది. పదివేల వోల్టులు రాగానే దారి వదిలేస్తుంది. పైగా వేల చుట్లలో ఓ పాతికో యాభయ్యో ఒకదానికొకటి అంటుకుపోయినా ఆ మొత్తం మీద తేడా కంటికి ఆనదు. ఖాళీ బండిని తోసి చూసి బస్తాలు మోయగలదో లేదో చెప్పమన్నట్టుంటుంది.

వేడి సంగతి సరేసరి. డాక్టరు గుమ్మం ఎక్కగానే పంటినొప్పి మాయమైనట్టు, చల్లారిన కాయిల్ ఎప్పుడూ మంచిదే. రాగి వేడెక్కితే నిరోధం కాస్త పెరుగుతుంది. 50 డిగ్రీలు పెరిగితే సుమారు 20 శాతం. అంటే 1.2 ఓమ్‌లున్నది 1.4 దాటొచ్చు. అది జబ్బు కాదు. వేడిలో తీగ సాగి, లోపలి అతుకు విడిపోయి అంకె ఒక్కసారిగా ‘ఓఎల్’కి దూకితే మాత్రం అది జబ్బే. అందుకే తెలిసినవాళ్లు చల్లగా ఉన్నప్పుడోసారి, తలవెంట్రుకలు ఆరబెట్టే డ్రయర్‌తో వేడిచేసి ఇంకోసారి కొలుస్తారు. 1950కి ముందు వచ్చిన 8ఎన్‌లలో కాయిల్ ఇంజిన్ ముందు భాగంలో డిస్ట్రిబ్యూటర్ నెత్తిన కూర్చుంటుంది. ఇంజిన్ సెగంతా దానికే!

కాయిల్‌ని చంపిందెవరు?

కొత్త కాయిల్ కూడా మాడిందంటే హంతకుడు వేరే ఉన్నాడని అర్థం. తరచూ దొరికే నిందితుడు తాళంచెవి. ఇంజిన్ ఆగినప్పుడు పాయింట్లు కలిసున్న చోట ఆగితే, స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ కరెంటు పారుతూనే ఉంటుంది. విసుగులో తాళం తిప్పకుండా భోజనానికి వెళ్తే తిరిగొచ్చేసరికి కాయిల్ కాలుతూ ఉంటుంది.

రెండో నిందితుడు ‘అభివృద్ధి’. 8ఎన్‌కి కంపెనీ ఇచ్చింది 6 వోల్టుల బ్యాటరీ. అదీ మనం చూసే బళ్లకి తిరకాసుగా, ప్లస్ కొనని ఛాసిస్‌కి కలిపి. చలికాలంలో సులువుగా స్టార్టవ్వాలని చాలామంది 12 వోల్టులకి మార్చేస్తారు. కాయిల్ సంగతి మర్చిపోతారు. వోల్టేజి రెట్టింపైతే కరెంటు రెట్టింపవుతుంది. వేడి మాత్రం నాలుగింతలు! 12 వోల్టుల కాయిల్ అయినా వేయాలి, తగిన రెసిస్టరైనా మధ్యలో పెట్టాలి. డిస్ట్రిబ్యూటర్ ముందున్న బళ్లకి డాష్‌బోర్డు వెనక కంపెనీయే ఓ చిన్న రెసిస్టర్ ఇచ్చింది. చేతులు మారుతూ వచ్చిన బండిలో అది ఎప్పుడో ఎవరో పీకేసి ఉండొచ్చు.

పాయింట్ల మధ్య సందు తగ్గినా అవి ఎక్కువసేపు అంటుకుని ఉండి కాయిల్‌ని వేడెక్కిస్తాయి. డిస్ట్రిబ్యూటర్ ముందున్న 8ఎన్‌లకి అంగుళంలో వెయ్యింట 15 వంతులు, 1950 నుంచి వచ్చిన పక్క డిస్ట్రిబ్యూటర్ బళ్లకి 25 వంతులు ఉండాలి. ఇక పాయింట్ల మీద మసి పట్టిందేమో మీటరే చెబుతుంది. తాళం ఆన్ చేసి, పాయింట్లు కలిసి ఉండగా వాటికి అటూ ఇటూ వోల్టేజి చూడాలి. దాదాపు సున్నా రావాలి. అర వోల్టు చూపించినా కాయిల్‌కి అందాల్సిన కరెంటులో కొంత అక్కడే ఆగిపోతోందని లెక్క. 6 వోల్టుల బండికి అర వోల్టంటే మాటలా? అదే పాయింట్లు విడిపోయి ఉన్నప్పుడు చూస్తే కాయిల్ దాకా అన్నిచోట్లా నిండుగా బ్యాటరీ వోల్టేజి కనిపించి మోసం చేస్తుంది. కరెంటు పారనిదే తుప్పు బయటపడదు మరి.

ఆగిన క్షణంలోనే...

కాబట్టి పాత ట్రాక్టర్లతో తలపండినవాళ్లు కాయిల్‌ని బల్లమీద పెట్టి కొలవడం కన్నా, మీటర్‌నీ, ఓ స్పార్క్ టెస్టర్‌నీ సీటు కింద పెట్టుకుని పొలానికి వెళ్లమంటారు. బండి ఆగిన ఆ రెండు మూడు నిమిషాలే విలువైనవి. వెంటనే ప్లగ్గు వైరుకి టెస్టర్ తగిలించి, ఇంజిన్ తిప్పి చూడాలి. పావు అంగుళం సందులో నీలంగా, ‘చట్’మంటూ రవ్వ దూకితే కాయిల్ నిర్దోషి. పసుపుపచ్చగా నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా ముందు పాయింట్లూ వోల్టేజీ చూడాలి. కండెన్సర్ వేడికి పోయినా సరిగ్గా ఇలాగే అవుతుంది. దాని ఖరీదు కాయిల్‌లో కొంతే కాబట్టి ముందు దాన్ని మార్చి చూడటం తెలివైన పని. అవన్నీ సరిగ్గా ఉండీ రవ్వ లేదంటే, ఇక అప్పుడు కాయిల్‌ని అనుమానించొచ్చు. వైర్లు ఊడదీసి, వేడి మీదే ఓమ్‌లు కొలిచెయ్యాలి. చల్లారిందా, సాక్ష్యం పోయినట్టే.

రవ్వ మాత్రం భేషుగ్గా ఉండి బండి కదలకపోతే? అప్పుడు పెట్రోలు ట్యాంకు మూత తిప్పి చూడమంటారు. మూతకి గాలి పోవడానికి సన్నని రంధ్రం ఉంటుంది. దుమ్ముతో అది పూడుకుపోతే, పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి చేరక చుక్క కూడా కిందికి దిగదు. అచ్చం కాయిల్ పోయినట్టే అరగంటకి ఆగుతుంది. భోంచేసి వచ్చేలోగా గాలి మెల్లగా లోపలికి చేరి, మళ్లీ స్టార్టవుతుంది. మూత వదులు చేయగానే ‘ఉస్స్’మని శబ్దం వచ్చిందంటే, కొన్న కొత్త కాయిల్‌ని అట్టపెట్టె విప్పకుండా దుకాణంలో తిరిగిచ్చేసి, ఇంట్లోంచి ఓ గుండుసూది తెచ్చుకోవచ్చు.