శిక్ష పడినవాళ్లకు తుపాకీ లైసెన్సు వస్తుందా?

మా ఇంట్లో నాయన తుపాకీ అంటారు, అమ్మ కన్నడంలో బందూకు అంటుంది. కౌల్ బజార్‌లో ఏ భాషవాళ్లయినా దాని లైసెన్సుకు పోవాల్సింది బళ్లారి డీసీ ఆఫీసుకే. జైలుకు పోయొచ్చినవాళ్లకు కూడా ఇస్తారా అని మన క్లాసులో వాదన వచ్చింది కాబట్టి ఇది రాస్తున్నాను.

దీనికి ఆధారం 1959 ఆయుధాల చట్టం. అందులో 9వ సెక్షన్ ముఖ్యంగా మూడు రకాలవాళ్లను కాదంటుంది. ఒకటి, 21 ఏళ్లు నిండనివాళ్లు. మనలో చాలామందిమి ఇక్కడే ఆగిపోతాం! రెండు, హింస గానీ నైతిక పతనం గానీ ఉన్న నేరంలో జైలుశిక్ష పడినవాళ్లు. శిక్ష ముగిశాక ఇంకో ఐదేళ్లు వీళ్లకు అర్హత లేదు. మూడు, గొడవలు చేయకుండా మంచిగా నడుచుకుంటామని బాండు రాసివ్వమని మేజిస్ట్రేట్ ఆదేశించినవాళ్లు. బాండు గడువు తీరేదాకా వీళ్లకూ లేదు.

ఐదేళ్ల లెక్క తీర్పు రోజు నుంచి కాదు, శిక్ష ముగిసిన రోజు నుంచి. 2024 మార్చిలో శిక్ష ముగిస్తే 2029 మార్చి దాకా నిషేధమే. ఆ తర్వాతైనా లైసెన్సు దానంతట అది రాదు. పోలీసు రిపోర్టు చూసి, ప్రజల భద్రతకు ముప్పు అనిపిస్తే 14వ సెక్షన్ కింద కాదనొచ్చు. దాని మీద అప్పీలు చేసుకోవచ్చు.

కేసు నడవడం వేరు, శిక్ష పడడం వేరు. రౌడీషీటు ఉన్నా అది శిక్ష కాదు. మనం ఆలోచించాల్సింది ఇక్కడే. భార్యను కొట్టినవాడి కేసు పెద్దమనుషుల మధ్య రాజీ అయి కొట్టేస్తే, రికార్డులో శిక్ష ఉండదు. ఆ ఐదేళ్ల నిషేధమూ ఉండదు. అమెరికాలో అయితే, భార్యకు రక్షణగా కోర్టు ఇచ్చిన ఉత్తర్వు నడుస్తున్నప్పుడు, శిక్ష పడకున్నా భర్త దగ్గర తుపాకీ ఉండకుండా ఆపే చట్టం ఉంది. 2024లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

మన చట్టంలోనూ ఒక దారి ఉంది. 17వ సెక్షన్ ప్రకారం ప్రజల భద్రతకు అవసరమనుకుంటే లైసెన్సును సస్పెండ్ చేయొచ్చు, రద్దు కూడా చేయొచ్చు. దానికి శిక్ష పడేదాకా ఆగాలని లేదు. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. కాబట్టి ఏ ఇంట్లోనైనా లైసెన్సు తుపాకీ చూపించి బెదిరిస్తుంటే రెన్యువల్ దాకా, తీర్పు దాకా ఓర్చుకోనక్కర్లేదు. పోలీసులకు, డీసీకి ఇద్దరికీ రాసి ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి.