పరదేశంలో దుకాణం... లైసెన్సు ఎవరి పేరిట?

గడివేముల, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లిన మన సోదరుల్లో కొందరికి నాలుగైదేళ్లు గడిచేసరికి ఒక ఆశ పుడుతుంది. ఎంతకాలం ఒకరి కింద జీతం? సొంతంగా ఒక బకాలా పెట్టుకుంటే? ఆశలో తప్పేమీ లేదు. మక్కా నుంచి మదీనాకు వలస వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) కూడా ఆ ఊరికి కొత్తవారే. అన్సారీ సోదరుడు సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానంటే, ఆయనకు దుఆ చేసి, బజారు దారి చూపితే చాలన్నారు. ఖైనుఖా బజారులో నెయ్యి, పనీరు అమ్మి కొద్దికాలంలోనే నిలదొక్కుకున్నారు.

అయితే ఆయన అమ్మిన సరుకు ఆయనదే. నేటి గల్ఫ్‌లో చిక్కంతా ఇక్కడే ఉంది. పొలం అమ్మిన డబ్బు, ఇల్లాలి నగల మీద తెచ్చిన అప్పు మనవాడివి. లైసెన్సు, దుకాణం అద్దె పత్రం, బ్యాంకు ఖాతా కఫీల్‌వి. నెలనెలా కఫీల్‌కు ఇంత అని ముట్టజెప్పాలి. కఫీల్ మంచివాడే కావచ్చు. కానీ ఆయన మరణిస్తే వారసులకు ఆ పాత మాటతో పనేమిటి?

మరి కాగితం రాయించుకుంటే? అప్పు లావాదేవీలను సాక్షులతో రాసిపెట్టుకోవాలని ఖుర్ఆన్ బఖరా సూరా 282వ ఆయత్ ఆదేశిస్తోంది. అడిగితే స్నేహం చెడుతుందని మనవాళ్ల మొహమాటం! కానీ ఒక్క సంగతి. చాటుగా రాసుకున్న పత్రం ఇక్కడ రక్షణ కాదు, నేరానికి సాక్ష్యం. సౌదీలో దీన్ని ‘తసత్తుర్’ అంటారు. 2021లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఐదేళ్ల వరకు జైలు, 50 లక్షల రియాళ్ల వరకు జరిమానా. విదేశీయుడైతే శిక్ష ముగిశాక దేశం నుంచి పంపేస్తారు. ఇంటి డ్రైవరు వీసాపై వెళ్లి దుకాణం నడిపేవారికి ప్రమాదం రెండింతలు.

సక్రమమైన దారులు లేకపోలేదు. దుబాయిలో 1985లో ఏర్పడిన జెబెల్ అలీ ఫ్రీజోన్ వంటి చోట్ల కంపెనీ పూర్తిగా విదేశీయుడి పేరిటే ఉండవచ్చు. కానీ ఆ లైసెన్సు ఒక్కటే ఉంటే ఊరి బజారులో దుకాణం తెరవడానికి వీల్లేదు. బజారు వ్యాపారంలో స్థానికుడికి 51 శాతం వాటా ఉండాలన్న నిబంధనను ఎమిరేట్స్ ప్రభుత్వం 2021 జూన్ 1 నుంచి చాలా వ్యాపారాలకు ఎత్తివేసింది. ఏయే వ్యాపారాలో ఆయా ఎమిరేట్ ఆర్థికాభివృద్ధి శాఖ జాబితాలో ఉంటుంది. ఏజెంటు మాట విని పైకం కట్టకముందే అది చూసుకోవాలి. కువైట్‌లో మాత్రం మామూలు కంపెనీలో కువైటీ భాగస్వామికి 51 శాతం ఉండాల్సిందే. అక్కడ మిగిలిన 49 శాతమైనా ప్రభుత్వ రికార్డులో మనవాడి పేరిట నమోదు కావాలి.

ఆ నమోదు పత్రాల నకలు ఒకటి ఊళ్లో ఇంటివాళ్ల దగ్గరా ఉండాలి. అక్కడ మనిషికి ఏదైనా జరిగితే, వాటా అడగడానికి భార్యాబిడ్డల చేతిలో ఉండే ఆధారం అదే.