పళ్లు పోతే ఒళ్లు ఎందుకు పెరుగుతుంది?

మన గుడిలో అన్నప్రసాదం వడ్డించేటప్పుడు పెద్దల ప్లేట్లు ఒకసారి గమనించండి. కొందరు పెరుగన్నం, చక్కెర పొంగలి తిని, చిక్కుడుకాయ కూర, దోసకాయ ముక్కలు పక్కన పెట్టేస్తారు. అడిగితే "చాలమ్మా, ఆకలి లేదు" అంటారు. నమలలేకపోతున్నామని చెప్పడానికి మొహమాటం.

పళ్లు లేనివారు చిక్కిపోతారని అనుకుంటాం. కొందరు చిక్కుతారు కూడా. అయితే పళ్లు బాగా పోయిన పెద్దవారిలో ఊబకాయం ఎక్కువగా కనబడుతోందని పలు పరిశోధనలు చెబుతున్నాయి. ఒకటే మరొకదానికి కారణమని తేలిపోలేదు గాని, రెండింటికీ సంబంధం ఎలా ఏర్పడుతుందో అర్థం చేసుకోవచ్చు.

తిండిని నలగగొట్టేవి దవడ పళ్లు. అవి పోతే జామకాయ, వేరుశెనగలు, మొలకలు, పచ్చికూరలు దూరమవుతాయి. మెత్తని అన్నం, ఉప్మా, టీలో ముంచిన బిస్కెట్లు మిగులుతాయి. పీచు, మాంసకృత్తులు తగ్గి పిండిపదార్థాలు పెరుగుతాయి. నమిలే పని లేక గబగబా తినేస్తాం కనుక, కడుపు నిండిన సంగతి తెలిసేలోపే ఎక్కువ తింటాం. మాంసకృత్తులు చాలక కండ తగ్గితే, తూకం మారకపోయినా పొట్ట పెరగవచ్చు.

దీనికి ఎదురు దారి కూడా ఉంది. ఒళ్లు పెరిగితే షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ. షుగర్ అదుపు తప్పితే చిగుళ్ల జబ్బు ముదిరి పళ్లు కదులుతాయి. చిగుళ్ల జబ్బు ఉంటే షుగర్ అదుపులోకి రావడం మరింత కష్టం.

జపాన్‌లో 1989లో '8020' అనే ఉద్యమం మొదలుపెట్టారు. 80 ఏళ్ల వయసుకు కనీసం 20 సొంత పళ్లు మిగుల్చుకోవాలన్నది దాని లక్ష్యం. దాదాపు అన్ని రకాల తిండీ నమలడానికి అన్ని పళ్లు చాలు.

ఇక్కడ అమెరికాలో అసలు చిక్కు ఖర్చు. సాధారణ మెడికేర్‌లో పళ్లు శుభ్రం చేయడం, పుచ్చు పూడ్చడం, కట్టుడు పళ్లు మామూలుగా కవర్ కావు. కొన్ని మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లలో ఉంటాయి. పరిమితి ఎంతో ముందే అడగండి. డెంటల్ కాలేజీల క్లినిక్‌లలో ఫీజు తక్కువ. ఇండియా వెళ్లినప్పుడు చేయించుకుందామనుకుంటే, ఇంప్లాంట్ ఎముకలో కుదురుకోవడానికి నెలలు పడుతుందని గుర్తుంచుకోండి. మూడు వారాల సెలవు చాలదు.

ఇంట్లో చేయగలిగినవి:

• కూరలు మానకండి. సన్నగా తరిగి మెత్తగా ఉడికించండి. పాలకూర పప్పు, సొరకాయ, బీరకాయ కూరలు నమలడం తేలిక.
• ప్రతి పూటా పప్పు, పెరుగు, పనీర్‌లలో ఏదో ఒకటి ఉండాలి. వేరుశెనగలు పొడి చేసి కూరలో కలపండి.
• పళ్లు పోయాక దవడ ఎముక అరుగుతుంది, కట్టుడు పళ్లు వదులవుతాయి. డబ్బాలో దాచేయకుండా సరిచేయించండి.
• కొన్ని మందులవల్ల నోరు ఎండిపోయి పళ్లు త్వరగా పుచ్చుతాయి. మీ మందుల పట్టిక డెంటిస్టుకు చూపించండి.
• పళ్లు ఒక్కటీ లేకపోయినా ఏడాదికోసారి నోరు పరీక్ష చేయించుకోండి.

ఈసారి అమ్మానాన్నలతో మాట్లాడేటప్పుడు "తిన్నారా?" అని అడిగి వదిలేయకండి. "ఏం నమలలేకపోతున్నారు?" అని కూడా అడగండి.